కొత్త మినీ ట్రాక్టర్‌కు కొనాల్సిన పనిముట్లు, స్పేర్లు: ఏది, ఎన్ని, ఏ సైజు

అదునులో మినీ ట్రాక్టర్‌ను ఆపేసేవి చాలావరకు చిన్న వస్తువులే. ఊడిపడిన లించ్ పిన్ (లింకు పిన్ను జారకుండా పట్టే రింగు పిన్ను), తెగిన షియర్ బోల్టు (బరువు ఎక్కువైతే తానే తెగి షాఫ్టును కాపాడే బోల్టు), సర్కారు తుమ్మ ముల్లు దిగిన ముందు టైరు, ఎలుక కొరికిన వైరు. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. కానీ మిర్చి తోటలో అంతరసేద్యం మధ్యలో అది చేతిలో లేకపోతే మండల కేంద్రానికి పోయి రావడానికే పూట పోతుంది. పొలంలో తేమ ఉన్న రెండు రోజుల్లో ఒక పూట పోవడం అంటే ఏమిటో సేద్యం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అలాగని దుకాణంలో కనిపించినవన్నీ కొని షెడ్డులో పేర్చినా లాభం లేదు. ఒక వస్తువు కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పోతే ట్రాక్టర్ ఆగుతుందా? ఇది ఉంటే పొలంలోనే అరగంటలో నేను మార్చుకోగలనా? రెంటికీ అవునని జవాబు వస్తేనే కొనాలి. ఇంజెక్టర్ పోతే ట్రాక్టర్ ఆగుతుంది గానీ దాన్ని గట్టు మీద సరిచేయలేం, కాబట్టి దాన్ని కొని దాచడం దండగ. క్లచ్ ప్లేటూ అంతే. ఈ మార్గదర్శి ఆ లెక్కతోనే సాగుతుంది. 20 నుంచి 30 హెచ్‌పీ మధ్య ఉండే ట్రాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. మహీంద్రా జీవో 245 (24 హెచ్‌పీ, 2 సిలిండర్లు), కుబోటా నియోస్టార్ బి2741 (27 హెచ్‌పీ, 3 సిలిండర్లు) లాంటివి ఈ వర్గంలోవే.

మొదటి మెట్టు: డెలివరీ రోజు షోరూంలోనే చూసుకోవాల్సినవి

ట్రాక్టర్‌తో పాటు సాధారణంగా టూల్ కిట్టు, టాప్ లింకు (పనిముట్టును పైనుంచి పట్టే కడ్డీ), హుక్, డ్రాబార్, బంపర్, టాపు ఇస్తారు. టూల్ కిట్టును అక్కడే విప్పి చూడండి. చాలా కిట్లలో రెండు మూడు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, ఒక కటింగ్ ప్లేయర్, చిన్న గ్రీసు గన్ను ఉంటాయి. ఏ సైజు పానా వచ్చిందో రాసుకోండి, మళ్లీ అదే కొనకుండా ఉంటారు.

రెండో తాళంచెవి అడిగి తీసుకోండి. ఆపరేటర్ మాన్యువల్ తెలుగులో ఉందేమో అడగండి. పార్ట్స్ కేటలాగు పుస్తకం ఇవ్వకపోతే ఫిల్టర్లు, బెల్టు, పీటీఓ (ఇంజను బలాన్ని పనిముట్టుకు అందించే వెనక భాగం) సీలు పార్టు నంబర్లున్న పేజీలను ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, బ్యాటరీ వారంటీ కార్డు, టైర్ల మీది సీరియల్ నంబర్లు కూడా ఫొటో తీయాలి. బ్యాటరీకి, టైర్లకు వారంటీ ఇచ్చేది ట్రాక్టర్ కంపెనీ కాదు, వాటిని తయారుచేసిన కంపెనీలు. ఆ సంగతి బ్యాటరీ పోయినరోజు తెలిస్తే చేతిలో కాగితం ఉండదు.

రెండో మెట్టు: వెర్నియర్, ఒక నోటు పుస్తకం

అన్నిటికంటే ముందు కొనాల్సిన పనిముట్టు 150 మిల్లీమీటర్ల వెర్నియర్ కాలిపర్. స్పేర్ పార్టుల దుకాణంలో జరిగే పొరపాట్లలో సగం కొలత తెలియక జరిగేవే. "మినీ ట్రాక్టర్ పిన్ను ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. "22 మిల్లీమీటర్ల లోయర్ లింక్ పిన్ను, పని పొడవు ఇంత" అని అడిగితే సరైనది వస్తుంది.

తీరికగా ఒక సాయంత్రం కూర్చుని వీటిని కొలిచి రాసుకోండి: టాప్ లింక్ పిన్ను మందం, లోయర్ లింకు బంతి బెజ్జం, లించ్ పిన్ను మందం, డ్రాబార్ పిన్ను మందం, చక్రాల నట్ల సైజు ముందు వెనక విడివిడిగా, ఇంజను ఆయిలు డ్రెయిన్ ప్లగ్గు తల సైజు, బ్యాటరీ టెర్మినల్ నట్టు, ఫ్యాన్ బెల్టు మీద రాసి ఉన్న నంబరు, టైర్ల సైజులు, ఫ్యూజు డబ్బాలోని ఆంపియర్లు, బల్బుల వాట్లు. బెల్టు మీద అచ్చు కొత్తలో మాత్రమే చదవగలం. ఏడాది తిరిగేసరికి అరిగి పోతుంది, ఇప్పుడే రాసుకోండి. ఈ ఒక్క పేజీని ఫొటో తీసి ఫోనులో పెట్టుకుంటే విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వెళ్లినా ట్రాక్టర్ జేబులో ఉన్నట్టే.

మూడో మెట్టు: పానాలు, ఇక్కడే ఎక్కువమంది తప్పు కొంటారు

జపాన్ డిజైనుతో వచ్చిన మినీ ట్రాక్టర్ల మీద 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 నంబరు పానా, 10 మిల్లీమీటర్ల బోల్టుకు 14 నంబరు పానా పడతాయి. అదే మన దేశంలో తయారైన రోటవేటర్, గొర్రు, ట్రాలీల మీద అవే బోల్టులకు 13, 17 నంబర్లు పడతాయి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు ఒకచోట 17, మరోచోట 18, ఇంకోచోట 19. కాబట్టి ట్రాక్టర్‌ను మాత్రమే చూసి పానాల సెట్టు కొంటే పనిముట్టు బోల్టు దగ్గర చెయ్యి ఖాళీ అవుతుంది. 12 ఉండాల్సిన చోట 13 పెట్టి తిప్పితే బోల్టు తల గుండ్రమవుతుంది. ఆ తర్వాత దాన్ని వెల్డింగ్ షాపు వాళ్లు తీయాల్సిందే.

కొనాల్సినవి ఇవి. రెండు మొనల పానాలు 12 ముక్కల సెట్టు, 6×7 నుంచి 30×32 వరకు ఉండేది. అవే సైజుల్లో రింగు పానాలు. బిగుసుకున్న బోల్టును ఎప్పుడూ ముందు రింగు పానాతోనే కదపాలి, వదులయ్యాక మొన పానా వాడాలి. అర అంగుళం డ్రైవు సాకెట్ సెట్టు, 10 నుంచి 32 వరకు. సాకెట్లు ఆరు పలకలవి అడగండి. పన్నెండు పలకల సాకెట్ తుప్పు బోల్టు మీద జారుతుంది. దీనికి ఒక అడుగున్నర పొడవు ఎల్ హ్యాండిల్ లేదా టీ బారు, ఒక 10 అంగుళాల ఎక్స్‌టెన్షన్ రాడ్డు తోడు. ఎలన్ కీలు 3 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఒక సెట్టు.

టార్క్ రించి అనేది చాలామంది కొనని వస్తువు. మినీ ట్రాక్టర్ యజమానికి మాత్రం అది ఖరీదుకు తగ్గ పని చేస్తుందనేది మా గట్టి అభిప్రాయం. ఇంజను ముక్కలు చిన్నవి, అల్యూమినియం పాత్ర ఎక్కువ. పెద్ద ట్రాక్టర్‌కు అలవాటుపడిన చెయ్యి డ్రెయిన్ ప్లగ్గును బిగిస్తే మర తెగుతుంది. సుమారు 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు చూపే అర అంగుళం రించి సరిపోతుంది. చక్రాల నట్లకు, రోటవేటర్ బ్లేడు బోల్టులకు అదే వాడొచ్చు. అంకెలు మాన్యువల్లో ఉంటాయి. ఒక అందాజుకు, 8.8 గ్రేడు 10 మిల్లీమీటర్ల బోల్టు 50 న్యూటన్ మీటర్ల దగ్గర, 12 మిల్లీమీటర్ల బోల్టు 80–85 దగ్గర నిలుస్తాయి. పని అయ్యాక రించిని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోయి అంకె తప్పు చూపుతుంది.

మిగతావి చిన్న మాటలో: రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, ముక్కు ప్లేయర్, గ్రిప్ ప్లేయర్, కిలో సుత్తి, ఇత్తడి లేదా రాగి కడ్డీ ఒక జానెడు (పిన్నులు కొట్టేటప్పుడు తల పగలకుండా), పంచ్, ఉలి, హ్యాక్సా ఫ్రేము, పది బ్లేడ్లు, ఆకురాయి ఒకటి, వైరు బ్రష్షు. గడ్డపార ఎలాగూ ఇంట్లో ఉంటుంది. అడ్జస్టబుల్ రించి, పైపు రించి మాత్రం నట్ల మీద వాడొద్దు. పైపు రించి పళ్లు పడిన నట్టు మళ్లీ పానాకు లొంగదు.

నాలుగో మెట్టు: పిన్నులు

త్రీ పాయింట్ లింకేజీ (పనిముట్టును ట్రాక్టర్‌కు తగిలించే లింకులు, పైన ఒకటి, కింద రెండు) కేటగిరీ 1 అయితే లోయర్ లింకు పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు. పెద్ద ట్రాక్టర్ల కేటగిరీ 2లో అవి 28, 25. కొన్ని మినీ ట్రాక్టర్లు 1ఎన్ అనే ఇరుకు కేటగిరీవి, వాటిలో పిన్ను మందం అదే గానీ రెండు లోయర్ లింకుల మధ్య దూరం తక్కువ: కేటగిరీ 1కు 683 మిల్లీమీటర్లయితే 1ఎన్‌కు 400. పక్క రైతు దగ్గర గొర్రు అద్దెకు తెచ్చుకునేటప్పుడు ఈ రెండు అంకెలూ తెలిసి ఉండాలి. 28 పిన్ను 22 బంతిలో పట్టదు. బెజ్జం పెద్దది చేయించే ఆలోచన చేయొద్దు, పనిముట్టుకే 22 పిన్ను వేయించండి.

షెడ్డులో ఉండాల్సిన లెక్క: టాప్ లింకు పిన్నులు 2, లోయర్ లింకు పిన్నులు 2, లించ్ పిన్నులు 10, ఆర్ క్లిప్పులు 10, కాటర్ పిన్నులు రకరకాల సైజులు ఒక పొట్లం, డ్రాబార్ పిన్ను 1. లించ్ పిన్నులు పది ఎందుకంటే అవి పత్తి చేలో పోతాయి, దొరకవు. రింగు స్ప్రింగు బిగి తగ్గిన లించ్ పిన్నును వెంటనే పారేయండి. వేలితో ఎత్తి వదిలితే రింగు టక్కున పడాలి. నెమ్మదిగా వాలితే అది ఆ రోజే పొదలో పోతుంది. లించ్ పిన్ను లేనప్పుడు మేకు వంచి పెట్టడం మనకు అలవాటు. రోటవేటర్ ఎత్తి తిరిగే మలుపులో ఆ మేకు తెగితే ఒక పక్క లింకు ఊడి పీటీఓ షాఫ్టు వంకర పోతుంది. ఒక్క పిన్నుకు బదులు షాఫ్టు కొనాల్సి వస్తుంది.

టాప్ లింకు పిన్నుకు బదులు మామూలు బోల్టు వేయడం ఇంకో అలవాటు. బోల్టు మరలు బెజ్జాన్ని రంపంలా కోస్తాయి. ఏడాదిలో బెజ్జం కోడిగుడ్డు ఆకారం అవుతుంది.

ఐదో మెట్టు: పీటీఓ షాఫ్టు, రోటవేటర్ సామాను

మినీ ట్రాక్టర్‌కు కొత్త రోటవేటర్ తెచ్చిన మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. షాఫ్టు పొడవు సరిచేయడం. షాఫ్టులు తరచూ పెద్ద ట్రాక్టర్లకు తగ్గ పొడవుతో వస్తాయి. మినీ ట్రాక్టర్‌లో వెనక ఆక్సిల్‌కూ రోటవేటర్ గేరుబాక్సుకూ మధ్య జాగా తక్కువ. రోటవేటర్ పైకి లేచినప్పుడు షాఫ్టు రెండు గొట్టాలూ ఒకదాన్నొకటి తన్ని, ఆ బలమంతా ట్రాక్టర్ పీటీఓ బేరింగు మీద పడుతుంది. బేరింగు, సీలు పోయి ఆయిలు కారుతుంది. వారంటీలో అడిగితే వాడకంలో తప్పు అంటారు, అది నిజం కూడా.

పద్ధతి ఇది.

1. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోండి. షాఫ్టును రెండు ముక్కలుగా లాగండి. ఒక ముక్క ట్రాక్టర్‌కు, ఇంకోటి రోటవేటర్‌కు తగిలించండి.

2. రోటవేటర్‌ను నెమ్మదిగా పైకి కిందికి ఆడించి, రెండు చివర్ల మధ్య దూరం అన్నిటికంటే తక్కువయ్యే చోట ఆపండి. చాలా ట్రాక్టర్లలో అది షాఫ్టు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు వస్తుంది. ఆ ఎత్తులో కింద గట్టి దుంగలు పెట్టి, హైడ్రాలిక్ మీద భారం లేకుండా చేయండి.

3. రెండు ముక్కలనూ పక్కపక్కన పట్టి చూడండి. ప్రతి ముక్క చివర ఎదుటి ముక్క యోక్ (కీలును పట్టే కొస) దగ్గర తగలకుండా కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, 40 ఉంటే నిశ్చింత. ఎంత కొయ్యాలో గీత గీయండి.

4. లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ తొడుగులు, నాలుగూ సమానంగా కొయ్యాలి. హ్యాక్సాతో నిటారుగా కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, పొడి తుడిచి గ్రీసు రాయండి.

5. ఇప్పుడు షాఫ్టు అన్నిటికంటే సాగే స్థితికి రోటవేటర్‌ను తెచ్చి చూడండి. అప్పుడు కూడా రెండు గొట్టాలూ కనీసం 120–150 మిల్లీమీటర్లు ఒకదానిలో ఒకటి ఉండాలి. అంత లేకపోతే ఆ షాఫ్టు మీ ట్రాక్టర్‌కు పొట్టి, మార్పించుకోండి.

షాఫ్టు తొడుగును ఎప్పుడూ తీసి పారేయొద్దు. లుంగీ కొస, తువాలు చుట్టుకుని ప్రాణాలు పోయేది తొడుగు లేని షాఫ్టు దగ్గరే. తొడుగును పట్టే చిన్న గొలుసులు రెండు అదనంగా కొని పెట్టుకోండి.

పీటీఓ నిమిషానికి 540 చుట్లతో పాటు ఇంకో ఎక్కువ వేగం ఉన్న ట్రాక్టర్లలో లివర్ ఎక్కడుందో రోటవేటర్ తగిలించేముందు చూడాలి. 980 దగ్గర తిరిగిన రోటవేటర్ బ్లేడ్లు మట్టిని బూడిద చేస్తాయి, గేరుబాక్సు కాలుతుంది.

షియర్ బోల్టు ఉన్న షాఫ్టు అయితే అదే సైజు, అదే గ్రేడు బోల్టులు పది కొనండి, నట్లతో సహా. బోల్టు తల మీద 8.8, 10.9 అని అంకెలుంటాయి. రోటవేటర్ మాన్యువల్ చెప్పిన గ్రేడు కంటే గట్టిది వేస్తే అది తెగదు, దాని బదులు క్రాసో (షాఫ్టు కీలులోని ప్లస్ ఆకారపు ముక్క), గేరుబాక్సు పినియనో తెగుతుంది. తెగడమే దాని ఉద్యోగం. రోజుకు రెండు మూడు తెగుతున్నాయంటే బోల్టు నాసిరకం అనుకోకుండా ముందు లోతు తగ్గించి చూడండి, రాళ్లున్న చోట గేరు దించండి. స్లిప్ క్లచ్ (బరువు ఎక్కువైతే జారే ప్లేట్లు) ఉన్న షాఫ్టు అయితే వానాకాలం మొదట్లో స్ప్రింగుల పొడవు వెర్నియర్‌తో కొలిచి, నట్లు వదులు చేసి, క్లచ్‌ను ఒకసారి జారనిచ్చి, మళ్లీ అదే పొడవుకు బిగించాలి. నెలల తరబడి కదలని ప్లేట్లు తుప్పుతో అతుక్కుంటే క్లచ్ ఉన్నా లేనట్టే.

బ్లేడ్లు ఒక్కో ఫ్లాంజ్‌కు సాధారణంగా ఆరు, మూడు కుడివి, మూడు ఎడమవి. స్పేర్‌గా ఆరు చాలు, మూడు మూడు చొప్పున. బోల్టులు, నట్లు, స్ప్రింగు వాషర్లు 12 జతలు. బ్లేడు పదును అంచు ముందుగా నేలను తాకేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే రోటవేటర్ మట్టిని నరకదు, బాదుతుంది. కొత్త బ్లేడ్లు బిగించిన రెండు గంటల తర్వాత ప్రతి బోల్టునూ మళ్లీ బిగించండి. రంగు పొర నలిగి బోల్టు వదులవుతుంది.

మిర్చి, కూరగాయల పొలాల్లో డ్రిప్ లేటరల్ ముక్కలు, మల్చింగ్ షీటు, సంచి దారాలు రోటవేటర్ ఇరుసు చివర చుట్టుకుంటాయి. బయటికి ఒక నల్లటి ఉండలాగా కనిపిస్తుంది, అదేం చేస్తుందిలే అనిపిస్తుంది. ఆ ఉండ తిరిగేకొద్దీ వేడెక్కి, సన్నటి దారం సీలు పెదవి కిందికి దూరి రబ్బరును కోస్తుంది. రెండోరోజు చివర నూనె తడి, మట్టి అంటుకుని నల్లగా మెరుస్తుంది. వారం గడిస్తే లోపలికి నీళ్లు, బేరింగు పోతుంది. పదునైన కత్తి, ఇనుప కొక్కెం ఒకటి ట్రాక్టర్ మీదే ఉంచి, ప్రతి పూట చివర ఇంజను ఆపి, రోటవేటర్ కింద దుంగ పెట్టి, ఆ చుట్టు కోసి తీయండి. రోటవేటర్ చివరి సీళ్లు ఒక జత స్పేర్ ఉంచండి. ముందు ఆక్సిల్ దగ్గరా ఇదే సమస్య వస్తుంది. గేరుబాక్సుకు మాన్యువల్ చెప్పిన గేరు ఆయిలు, ఎక్కువగా ఈపీ 90 లేదా 140, రెండు లీటర్లు.

ఆరో మెట్టు: గ్రీసు

కిట్టుతో వచ్చే చిన్న గ్రీసు గన్నుతో ఓపిక పోతుంది. అరకిలో పట్టే లివర్ గన్ను, వంగే గొట్టంతో, నాలుగు దవడల కప్లర్‌తో కొనండి. మినీ ట్రాక్టర్‌లో నిపుల్‌కు సూటిగా గన్ను పెట్టే జాగా చాలాచోట్ల ఉండదు, వంగే గొట్టం లేకుండా ఆ నిపుల్‌కు ఏడాదంతా గ్రీసు అందదు. లిథియం గ్రీసు, ఎంపీ-3 లేదా ఏపీ-3 అని అడిగితే ఇస్తారు, రెండు కిలోలు. ఒక రకంతో మొదలుపెడితే అదే కొనసాగించండి. గ్రీసు నిపుల్స్ 6, 8, 10 మిల్లీమీటర్లవి నిటారువి, వంకరవి కలిపి పది.

నిపుల్ తలను గుడ్డతో తుడిచాకే గన్ను పెట్టాలి. తుడవకపోతే మట్టినే లోపలికి పంపు కొడుతున్నట్టు. షాఫ్టు క్రాసులకు ప్రతి 8–10 గంటలకు, దమ్ములో దిగితే ప్రతి సాయంత్రం ముందు ఆక్సిల్ కీళ్లకు. పాత గ్రీసు బురదతో బయటికి వచ్చి, కొత్త రంగు కనిపించేదాకా కొట్టండి. బేరింగుల్లో మాత్రం రెండు మూడు పోట్లు చాలు, ఎక్కువైతే సీలు ఉబ్బుతుంది.

ఏడో మెట్టు: నూనెలు, ఫిల్టర్లు, డీజిల్ లైను

కొత్త ఇంజనులో మొదటి గంటల్లో అరిగే లోహపు పొడి నూనెలోకి వస్తుంది. అందుకే మొదటి ఆయిలు మార్పు త్వరగా ఉంటుంది, చాలా మాన్యువల్స్‌లో 50 గంటలకు. వారంటీ ఉన్నంతకాలం ఈ సర్వీసులు కంపెనీ సర్వీసు కేంద్రంలోనే చేయించి బిల్లులు దాచండి. అయినా ఒక ఇంజను ఆయిలు ఫిల్టరు, రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక బయటి ఎయిర్ ఫిల్టరు మీ షెడ్డులో ఉండాలి. డీజిల్ ఫిల్టర్లు రెండు, ఎందుకంటే డబ్బాల్లో తెచ్చిన డీజిల్‌లో నీళ్లు, మడ్డి తప్పవు. మాన్యువల్ చెప్పిన గ్రేడు ఇంజను ఆయిలు లెవెల్ నింపడానికి ఒక లీటరు, కూలెంట్ ఒక లీటరు, డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్లు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. సున్నం ఎక్కువున్న మన నీళ్లు సన్నటి గొట్టాల్లో చెక్కులా పేరుకుంటాయి.

బెల్టు తరహా ఫిల్టరు రించి, ఎనిమిది లీటర్ల వెడల్పు పళ్లెం, జల్లెడ ఉన్న గరాటు కొనండి. ఫిల్టరు రబ్బరు రింగుకు కొత్త నూనె రాసి, చేత్తో తగిలేదాకా తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు. రించి విప్పడానికే, బిగించడానికి కాదు. పాత నూనెను గట్టు మీద, కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి కొనేవాళ్లకు ఇవ్వండి.

ఎవరూ అడగని, అందరికీ పనికొచ్చే వస్తువు రాగి వాషర్లు. డ్రెయిన్ ప్లగ్గు, డీజిల్ పైపులను బిగించే బాంజో బోల్టుల (మధ్యలో బెజ్జం ఉన్న బోల్టులు) కింద ఉండేవి. ఒకసారి నలిగిన వాషరు రెండోసారి సరిగ్గా కూర్చోదు, డీజిల్ చెమర్చుతుంది, లైను గాలి పీలుస్తుంది. 8, 10, 12, 14 మిల్లీమీటర్ల బెజ్జాలవి పది చొప్పున ఉంచండి. పల్లెలో తప్పనిసరై పాతదే వాడాల్సి వస్తే మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి, రాగి మెత్తబడి మళ్లీ పడుతుంది.

డీజిల్ అయిపోయేదాకా నడిపితే లైనులోకి గాలి ఎక్కుతుంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 (పొగ కాలుష్య) నియమాలు వచ్చాయి, వాటిలో చాలావరకు కంప్యూటర్ ఇంజెక్షనే. మినీ ట్రాక్టర్లలో ఎక్కువగా మెకానికల్ పంపే, గాలి మనమే తీసుకోవచ్చు. టాంకులో కనీసం ఐదు లీటర్లు పోసి, కాక్ తెరిచి, ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. చేతి పంపు ఉంటే కొట్టండి. బుడగలు ఆగి సన్నటి ధార వచ్చాక పంపు ఆడుతుండగానే బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. అప్పటికీ ఎక్కకపోతే ఇంజెక్టర్ల దగ్గరి పైపు నట్లను ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టించి, డీజిల్ చిమ్మగానే బిగించండి. చెయ్యి, ముఖం దగ్గర పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకు మించి వద్దు.

ఎయిర్ ఫిల్టరును వేసవి దుక్కుల్లో రోజూ చూడాలి. లోపలి నుంచి బయటికి, తక్కువ గాలితో ఊదాలి. 30 పీఎస్ఐ దాటితే కాగితం పగులుతుంది, ఆ పగులు కంటికి కనపడదు. లోపలి చిన్న ఫిల్టరు శుభ్రం చేసేది కాదు, మార్చేదే. రేడియేటర్ జాలి మీద పత్తి దూది, ఎండు ఆకు పేరుకుంటే బట్టలు ఉతికే మెత్తటి బ్రష్షుతో తీయండి.

ఫ్యాన్ బెల్టు ఒకటి. బొటనవేలితో నొక్కితే 10–12 మిల్లీమీటర్లు దిగాలి.

ఎనిమిదో మెట్టు: కరెంటు పని

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి చాలు, సగం అనుమానాలు తీరుస్తుంది. ఇంజను ఆపి ఉన్న బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటర్, బెల్టు చూడాలి, కొత్త బ్యాటరీ కొనడం కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ మీద తెల్లటి పొర.

ట్రాక్టర్ అసలు చప్పుడే చేయకపోతే మెకానిక్‌ను పిలిచేముందు క్లచ్ పూర్తిగా తొక్కారా, పీటీఓ లివర్ న్యూట్రల్‌లో ఉందా చూడండి. భద్రత స్విచ్చు సెల్ఫ్‌ను ఆపుతుంది. ఆ స్విచ్చును వైరుతో దాటవేయించొద్దు.

కొనాల్సినవి: ఫ్యూజులు మీ డబ్బాలో ఉన్న ప్రతి రకం ఐదు, హెడ్‌లైట్ బల్బు 1, వెనక 21/5 వాట్ల బల్బులు 2, ఇండికేటర్ 21 వాట్లవి 2, నాలుగైదు మీటర్ల ఆటో వైరు, లగ్గులు, ఇన్సులేషన్ టేపు, పెట్రోలియం జెల్లీ. ఫ్యూజు బదులు వైరు చుట్టడం వైరింగంతా కాల్చే దారి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

షెడ్డులో ధాన్యం బస్తాలుంటే ఎలుకలు బానెట్ కిందికి చేరతాయి. పత్తి పీచు, గడ్డి ముక్కలు ఇంజను మీద కనిపిస్తే ఆ రోజే దులిపి, వైర్లన్నీ తడిమి చూడండి. బానెట్ రాత్రి తెరిచి ఉంచితే అవి గూడు పెట్టడం తగ్గుతుంది.

తొమ్మిదో మెట్టు: టైర్లు, ఎత్తడం

కొత్త ట్రాక్టర్ చక్రాల నట్లు మొదటి పది గంటల్లో వదులవుతాయి. డిస్కు కింది రంగు నలగడమే కారణం. ఎదురెదురు నట్లను వరుసగా టార్క్ రించితో బిగించండి, మళ్లీ 50 గంటలకు.

ట్రాక్టర్ టైర్ల గాలి కారు కన్నా తక్కువ, కాబట్టి తక్కువ ఒత్తిడి చూపే గేజి కొనాలి. పంక్చర్ షాపుల్లోని లారీ గేజి ఐదు పీఎస్ఐ తేడా పట్టించుకోదు, మనకు ఆ ఐదే ముఖ్యం. ముందు ట్యూబు 1, వెనక ట్యూబు 1, ప్యాచీలు, సొల్యూషన్, వాల్వు పిన్నులు ఐదు, వాల్వు విప్పే పనిముట్టు, రెండడుగుల టైరు లివర్లు 2, కాలితో తొక్కే పంపు లేదా 12 వోల్టుల చిన్న కంప్రెసర్. ముల్లు తీసేశాక టైరు లోపల చేత్తో గుడ్డ పెట్టి తుడవండి. సర్కారు తుమ్మ ముల్లు రెండు ముక్కలై మొన లోపలే ఉంటుంది, కొత్త ట్యూబు గంటలో మళ్లీ దిగిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌లో ముందు టైర్లను వేరే సైజుకు మార్చొద్దు, ముందు వెనక చక్రాల తిరుగుడు లెక్క తప్పి గేర్లు అరుగుతాయి.

ఐదు టన్నుల బాటిల్ జాకీ, దాని కింద పెట్టడానికి అడుగు చదరపు మందపాటి పలక, నాలుగు గట్టి దుంగలు, చక్రాలకు అడ్డుపెట్టే రెండు చెక్క ముక్కలు. మెత్తటి నల్లరేగడిలో పలక లేకుండా జాకీ దిగిపోతుంది. హైడ్రాలిక్ ఎత్తిన రోటవేటర్ కిందికి దుంగ లేకుండా చెయ్యి పెట్టొద్దు.

పదో మెట్టు: ఏది ట్రాక్టర్ మీద, ఏది షెడ్డులో

ట్రాక్టర్ డబ్బాలో 12, 13, 14, 17, 19 రింగు పానాలు, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్, సుత్తి, లించ్ పిన్నులు 4, ఆర్ క్లిప్పులు 4, షియర్ బోల్టులు 4, ఫ్యూజులు, టేపు, కత్తి, కొక్కెం, జీఐ తీగ రెండు మీటర్లు, గేజి. ఇవి ఐదారు కిలోలకు మించవు. సీటు కింద గలగలలాడకుండా పాత గోనెలో చుట్టి పెట్టండి. ప్రథమ చికిత్స డబ్బా, కిలో పొడి మంటలార్పే సిలిండర్ కూడా అక్కడే.

మిగతాదంతా షెడ్డులో మూత ఉన్న పెట్టెలో ఉంచండి. బెల్టు, ట్యూబులు, ఓ రింగులు, సీళ్లు రేకుల కప్పుకు దూరంగా నీడలో ఉండాలి. మన వేసవి 45 డిగ్రీలకు రేకు కింద రబ్బరు రెండేళ్లలో పెళుసవుతుంది, అందుకే ఇవి ఒక్కొక్కటే కొనమన్నది. ట్యూబులకు ఫ్రెంచి చాక్ పొడి చల్లి పెట్టండి. ఫిల్టర్ల అట్టపెట్టెలు విప్పొద్దు.

డబ్బులన్నీ ఒకేసారి లేకపోతే కొనే వరుస ఇలా పెట్టుకోండి. మొదటి వారం: వెర్నియర్, పానాలు, గ్రీసు గన్ను, లించ్ పిన్నులు, షియర్ బోల్టులు, గేజి. మొదటి 50 గంటల లోపు: టార్క్ రించి, ఫిల్టర్లు, రాగి వాషర్లు, ఫ్యూజులు, మల్టీమీటర్. మొదటి పంట మధ్యలో: జాకీ, ట్యూబులు, బెల్టు, బ్లేడ్లు, సీళ్లు. ఒక స్పేరు వాడిన రోజే దాని పార్టు నంబరు పక్కన తేదీ, గంటల మీటరు అంకె రాసి, మళ్లీ టౌనుకు వెళ్లినప్పుడు ఆ ఒక్కటీ తెచ్చి పెట్టండి.